గుమ్మడాక్షి చావలేదు

దేవరకొండ,
జూన్ 29

శోభత్తకు నర్మద నమస్కరించి రాయునది.

ఉత్తరం పుస్తకభాషలో ఉందని నవ్వకు. మా తెలుగు టీచరు స్వరాజ్యం మేడం మొదటి రోజే చెప్పారు: "మాట్లాడేది మీ ఇష్టం. రాసేది మాత్రం అచ్చుపుస్తకం చదివినట్టుండాలె." హాస్టల్లో ఫోను నెలకు రెండు ఆదివారాలే ఇస్తారు. ఆ ఐదు నిమిషాలూ నాయినమ్మ "తిన్నవా, ఏం తిన్నవ్, గంతేనా" అని అడగడానికే సరిపోతాయి. అందుకే ఈ ఉత్తరం.

గురుకులంలో చేరి పదిహేడు రోజులైంది. తొమ్మిదో తరగతి, బీ సెక్షను. బాగున్నానని రాయాలి కాబట్టి బాగున్నాను.

అసలు సంగతి వేరే ఉంది. నేనొక పుస్తకం రాస్తున్నాను. పేరు "నీళ్ల కింది బడి". తుంగ అనే పిల్ల చెరువు గట్టున వాళ్ల నాయినమ్మ చేపల బుట్ట దగ్గర హాయిగా కూర్చుని కాంటా పడుతుంటుంది. ఒకరోజు మీనాక్షి అనే రాక్షసి నీళ్లలోంచి వచ్చి, తుంగను సంచిలో వేసుకుని, చెరువు అడుగున ఉన్న బడిలో పడేస్తుంది. అక్కడ అరగంటకొకసారి గంట మోగుతుంది. గంట మోగినప్పుడల్లా పిల్లలు తమ ఇంటి సంగతి ఒకటి మరచిపోతారు. ఆ రాక్షసికి గుండ్రటి కళ్లద్దాలు ఉంటాయి. వాటికి నల్ల దారం ఉంటుంది. పొద్దటినుంచి సాయంత్రం దాకా వెలిగే రాయి ముందు కూర్చుని వేళ్లతో టకటకలాడిస్తుంది. ఎవరేం చెప్పినా "గట్లనా" అంటుంది. ఆమె ప్రాణం ఎక్కడుందో తర్వాత తెలుస్తుంది.

మూడు అధ్యాయాలు దీంతో పంపిస్తున్నాను. నువ్వు సతీశన్న ప్రింటింగ్ షాపులో పెళ్లి పత్రికలు టైపు చేస్తావు కదా, మధ్యమధ్యలో ఇది కూడా చెయ్యి. తర్వాత నిజం పుస్తకంలాగా అట్ట వేయించాలి. సెప్టెంబరు తొమ్మిదిన భాషా దినోత్సవానికి మా బడిలో పుస్తకాల బల్ల పెడతారు. పిల్లలు సొంతంగా రాసి అచ్చు వేసుకున్న పుస్తకాలకు ముందు వరస ఇస్తామన్నారు. ఇంతవరకు ఎవరూ వెయ్యలేదు కాబట్టి ముందు వరసంతా ఖాళీగా ఉంది.

ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. మారిస్తే నాకు తెలుస్తుంది.

ఇట్లు,
నర్మద

ఇబ్రహీంపట్నం,
జూలై 8

మహారచయిత్రి నర్మదకు టైపిస్టు శోభ వినయంగా రాయునది.

మూడు అధ్యాయాలూ అందాయి. ఒక బోరుబావుల ఫ్లెక్సీకీ, రెండు ఓణీల ఫంక్షన్ కార్డులకూ మధ్య టైపు చేశాను. నీ చేతిరాత చూసి సతీశ్ "ఇది తెలుగేనా అక్కా" అని అడిగాడు. నాకు అలవాటేనని చెప్పాను. నీకు పలక పట్టించింది నేనే.

ఇంట్లో చదివి వినిపించాను. మీ నాయినమ్మ బొచ్చె చేప పొలుసు తీస్తూ వింటోంది. సంచిలో వేసుకున్న దగ్గర కత్తి ఆపింది. "పిల్లకు ఊపిరాడిందా మరి?" అంది. ఆడిందని రాయలేదు, రెండో అధ్యాయంలో ఒక వాక్యం చేర్చాలి. మీ నాయిన తలుపు దగ్గర వల కుడుతూ విననట్టే అంతా విన్నాడు, విని విననట్టే లేచిపోయాడు.

ఒక పెద్ద చిక్కు వచ్చింది. రాక్షసి పేరు వినగానే మీ నాయినమ్మ కత్తి కింద పెట్టేసింది. "మీనాక్షమ్మ దేవతరా. దేవత పేరు దయ్యానికి పెడ్తదా గీ పోరి? రానీ, దాని సంగతి చెప్త." ఆమె చెప్పే సంగతి ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. ఇంకో పేరు పంపించు.

ఇక చదివేవాళ్లు అడుగుతారని అడుగుతున్నాను. రాక్షసికి కళ్లద్దాలెందుకు? దారమెందుకు? వెలిగే రాయి ముందు పొద్దస్తమానం కూర్చుని ఆమె ఏం పని చేస్తుంది? ఇట్లాంటి మనిషిని ఎక్కడో చూసినట్టే ఉంది కానీ గుర్తుకు రావడం లేదు. గట్లనా అనే అలవాటు కూడా ఎవరికో ఉంది. ఆలోచిస్తున్నాను.

నీ
శోభత్త

దేవరకొండ,
జూలై 19

అత్తకు,

కొత్త పేరు గుమ్మడాక్షి. గుమ్మడికాయంత కళ్లు అని అర్థం. ఆ పేరుతో దేవత ఉండదని స్వరాజ్యం మేడంను అడిగి మరీ పెట్టాను.

కళ్లద్దాలు ఎందుకంటే రాక్షసులకు కూడా చత్వారం వస్తుంది. దారం లేకపోతే నీళ్లలో కొట్టుకుపోతాయి. వెలిగే రాయి మీద ఆమె పిల్లల పేర్లు రాస్తుంది. ఎవరి పేరు రాస్తే వాళ్లు సంచిలోకి వస్తారు. నువ్వు చూసిన మనిషెవరో నాకు తెలియదు. ఇబ్రహీంపట్నంలో చాలామంది ఉంటారు.

మిగిలిన నాలుగు అధ్యాయాలు పంపిస్తున్నాను. ఏడుతో పుస్తకం అయిపోయింది. ఆరో అధ్యాయంలో గుమ్మడాక్షి చచ్చిపోతుంది. ప్రాణం కళ్లద్దాల దారంలో ఉందని తుంగ కనిపెట్టి పళ్లతో తెంపుతుంది. ఏడో అధ్యాయంలో పిల్లలందరూ మెట్లెక్కి ఎవరి ఇంటికి వాళ్లు పోతారు. తుంగ తడిబట్టలతోనే పోయి కాంటా పట్టుకుంటుంది. ఆరోది అన్నిటికంటే బాగా కుదిరింది. మా గదిలో పన్నెండుమందికి చదివితే పదకొండుమంది చప్పట్లు కొట్టారు. పన్నెండో పిల్ల నిద్రపోయింది.

నాయినమ్మ పక్కన ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారు? కాంటా ఎవరు పడుతున్నారు? కొర్రమీనుకు, బొచ్చెకు ఒకటే రేటు చెప్తున్నదా? ఆమెకు బేరం రాదు, ఎవరైనా "అమ్మా" అంటే తగ్గించేస్తుంది. చూస్తుండు.

నర్మద

ఇబ్రహీంపట్నం,
ఆగస్టు 5

నర్మదకు,

కూర్చుని చదువు. నీ రాక్షసి ఊర్లో పడింది.

నువ్వు పేరు మార్చావు కదా, పుస్తకంలో ఒక్కొక్క చోట దిద్దడం ఎందుకని "మీనాక్షి" ఉన్న ప్రతిచోటా "గుమ్మడాక్షి" పెట్టమని కంప్యూటరుకు చెప్పాను. అది చెప్పిన మాట విన్నది. కాకపోతే ఆ సమయానికి నా ముందు తెరిచి ఉన్నది నీ పుస్తకం కాదు. కోహెడ వాళ్ల పెళ్లి పత్రిక. పెళ్లికూతురి పేరు మీనాక్షి. పత్రిక అప్పటికే వాళ్లు చూసి సరే అన్నదే కాబట్టి మళ్లీ చదవలేదు. నేరుగా అచ్చుకు పోయింది.

నలభై పత్రికలు పంచేదాకా ఎవరూ గమనించలేదు. పత్రికలో అందరూ తేదీ, భోజనాలు చూస్తారు. చివరికి పెళ్లికొడుకు నిశాంతే చదివాడట. ఫోన్ చేసి, "పేరెప్పుడు మార్చుకున్నవ్, నాకు చెప్పనే లేదు" అన్నాడట.

నిన్న పొద్దున షాపు తెరిచీ తెరవకముందే పెళ్లికూతురి తల్లి నర్సింహమ్మ వచ్చింది. పత్రిక బల్ల మీద పెట్టి వేలితో చూపించింది.

"ఏందమ్మా ఇది? చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి గుమ్మడాక్షి ఎవరు? మా ఇంట్ల గా పేరు పిల్ల లేదు."

సతీశ్ నా వైపు చూశాడు. నేను కంప్యూటరు వైపు చూశాను.

"చదువుకున్నోళ్లే కదా మీరు? మా వియ్యపురాలు పొద్దుగాల్నుంచి మూడుసార్లు ఫోన్ చేసింది. పిల్లను మార్చిన్రా అని అడుగుతున్నది. ఏం చెప్పాలె నేను?"

"తప్పు మాదే అమ్మా," అన్నాను. "సాయంత్రానికల్లా కొత్తవి ఇస్తం."

"ఇయ్యి. మరి ఈ గుమ్మడాక్షి ఎవరో గదన్న చెప్పు."

అప్పుడు గమనించాను, ఆమె వెనక మీనాక్షి కుర్చీలో కూర్చుని, బల్ల మీదున్న నీ ప్రూఫు కాగితాలు చదువుతోంది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "అక్కా, ఇది కథనా? ఐదో అధ్యాయం అయిపోయింది. మిగిలింది ఏది?" అంది. రాసింది మా మేనకోడలని, మనమే సొంతంగా వేసుకుంటున్నామని చెప్పాను. వాళ్ల అమ్మ నన్ను తిడుతూనే ఉంది, ఆ పిల్ల చదువుతూనే ఉంది. పోయేముందు ఆ పిల్ల ఏమందో విను. పెళ్లికి వచ్చే పిల్లలకు ప్లాస్టిక్ డబ్బాలు పంచాలనుకున్నారట. డబ్బాలు వద్దు, ఈ పుస్తకం పంచుతాం, పదిహేడో తారీఖుకల్లా కావాలంది.

కాబట్టి పుస్తకం ముందే వస్తోంది. లోపలి పేజీలు సిటీలో వేయిస్తున్నాం, అట్ట ఇక్కడే. పుస్తకానికి ఒక నంబరు తీసుకోవాలి, మనకు ఆధార్ లాగా. దరఖాస్తులో ప్రచురణ సంస్థ పేరు అడిగారు. అప్పటికప్పుడు ఏమీ తోచక "గుమ్మడాక్షి ప్రచురణలు" అని పెట్టాను. నీ పేరు అట్ట మీద పెద్దగా ఉంటుంది. సతీశ్ బతుకమ్మ ఫ్లెక్సీలు చేసి చేసి రాక్షసి బొమ్మకు కూడా ముక్కుపుడక పెట్టాడు. తీసెయ్యమంటే "మంచిగుంది, ఉండనీ" అన్నాడు.

ఆరో అధ్యాయం గురించి తర్వాత రాస్తాను. పని ఎక్కువగా ఉంది.

నాయినమ్మ కాంటా తనే పడుతోంది. బేరం నువ్వు చెప్పినట్టే ఉంది.

శోభత్త

దేవరకొండ,
ఆగస్టు 24

శోభ గారికి,

ఈరోజు తల్లిదండ్రులు వచ్చే ఆదివారం. నాయినమ్మ సకినాల డబ్బా, పేపర్లో చుట్టిన పది పుస్తకాలు తెచ్చింది. అట్ట బాగుంది. నా పేరు బాగుంది. ముక్కుపుడక కూడా ఒప్పుకుంటాను. గదిలో అందరూ లాక్కుంటుంటే ఒకటి పట్టుకుని బట్టలుతికే బండల దగ్గరికి పోయి మొత్తం చదివాను.

నేను రాసింది ఇది: "గుమ్మడాక్షి నీటి బుడగలాగా పగిలి, ఒక్క ముక్క కూడా మిగలకుండా పోయింది."

నలభై తొమ్మిదో పేజీలో అచ్చయింది ఇది: "గుమ్మడాక్షి కింద పడింది. కానీ చావలేదు. కాసేపటికి లేచి కూర్చుని, 'జర చాయ్ పొయ్యున్రి, తల తిరుగుతున్నది' అన్నది."

తర్వాత నాలుగు పేజీలు ఆమె చాయ్ తాగుతూనే ఉంది. పిల్లలు చుట్టూ కూర్చున్నారు. దారిలో ఆకలవుతుందని మెట్ల దగ్గర అందరికీ అటుకుల మూట కట్టి ఇచ్చింది. ఇవన్నీ ఎవరు రాశారు? నీళ్ల కింద చాయ్ ఎట్లా కాగుతుంది? పొయ్యి ఎట్లా వెలుగుతుంది? కథ రాసేవాళ్లు ఆలోచించుకోవాలి కదా.

మిగిలిన పుస్తకంలో ఒక్క తప్పు కూడా లేదు. అదే ఇంకా కోపం తెప్పించింది. అంత జాగ్రత్తగా టైపు చేసి సరిగ్గా అక్కడే మార్చారు. పెళ్లికి వచ్చిన పిల్లలందరూ ఆమె బతికిందనే చదివారు. ఇప్పుడు నేను చచ్చిందంటే ఎవరు నమ్ముతారు?

నాయినమ్మను అడిగితే, "నాకేం తెల్సు బిడ్డా, నాకు చదివినప్పుడు కూడ చాయే తాగింది" అంది. మీరెందుకు రాలేదని అడిగితే షాపులో పని అంది. ఆదివారం షాపు ఉండదు.

పుస్తకభాష గంగల కలవనీ. అత్తా, నువ్వెందుకు రాలే? నన్ను ఇక్కడ దించిన రోజు సుత గంతే. పెట్టె లోపల పెట్టినవ్, సబ్బులు చూపెట్టినవ్, గేటు కాడికెల్లి ఎనుకకు తిరిగి చూడకుండ పోయినవ్. నాయిన రెండుసార్లు చూసిండు. నాయినమ్మ బస్సెక్కేదాక చూసింది. నువ్వు ఒక్కసారి సుత చూడలే. నేను లెక్కవెట్టిన.

నర్మద

ఇబ్రహీంపట్నం,
ఆగస్టు 28

నర్మదకు బతికి ఉన్న గుమ్మడాక్షి రాయునది.

ముందు అబద్ధం చెప్తాను, తర్వాత నిజం చెప్తాను.

అబద్ధం ఇది. పుస్తకం పేజీలు ఎనిమిదేసి చొప్పున అచ్చవుతాయి. నీది అరవై పేజీలు వచ్చింది. అరవై నాలుగు కావాలి. నాలుగు పేజీలు ఖాళీగా పోతాయని ఏదో ఒకటి నింపాను. ఈ మాట నీకు చెప్దామని పదిహేను రోజులుగా దాచుకున్నాను. పేజీల లెక్క మాత్రం నిజమే, కావాలంటే సతీశ్‌ను అడుగు.

ఇప్పుడు నిజం. మొదటి అధ్యాయం టైపు చేసినప్పుడే నాకు తెలిసింది. నల్ల దారం, గుండ్రటి అద్దాలు, గట్లనా. నవ్వుకున్నాను కూడా. సతీశ్‌కు చూపించి, "చూడు, నేను కథలకెక్కిన" అన్నాను. ఆరో అధ్యాయానికి వచ్చేసరికి నవ్వు పోయింది. మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేరు. నువ్వు దారాన్ని పళ్లతో తెంపిన దగ్గర నా చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల నన్ను ముక్క మిగలకుండా చంపింది. అదీ "రాషసి" అని తప్పు రాసి చంపింది. చంపేటప్పుడైనా అక్షరదోషం లేకుండా చంపాలి కదా.

చావబుద్ధి కాలేదు. అందుకే లేచి చాయ్ అడిగాను. నీళ్ల కింద బడి నడిచినప్పుడు చాయ్ కాగదా?

అవును, గురుకులం దరఖాస్తు నింపింది నేనే. ఈ కంప్యూటరు మీదనే నింపాను. నీ ఫోటో, నీ ఆధార్ జిరాక్సు నీకు చెప్పకుండా తీసుకున్నాను. ప్రవేశపరీక్షకు "ఊరికె రాసి చూడు" అని తీసుకుపోయాను. సీటు వచ్చాక మీ నాయినను, నాయినమ్మను ఒప్పించింది నేనే. వెలిగే రాయి మీద నీ పేరు రాసి సంచిలో వేసుకున్నాను. నువ్వు రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు.

గేటు దగ్గర తిరిగి చూడలేదు. చూస్తే నిన్ను తీసుకుని అదే బస్సు ఎక్కేదాన్ని.

నీ పుస్తకాన్ని నేను చెడగొట్టకూడదు. దీంతో పంపిస్తున్న కాగితాల్లో ఆరో అధ్యాయం నువ్వు రాసింది రాసినట్టుగా ఉంది. క్ష ఒక్కటి దిద్దాను. నా చేత్తో నేనే టైపు చేసుకుని చచ్చాను. సరే అని సంతకం పెట్టి పంపు. తొమ్మిదో తారీఖు బల్ల మీదికి వచ్చే పుస్తకాల్లో గుమ్మడాక్షి చచ్చే ఉంటుంది.

కోహెడ నుంచి మాత్రం పిల్లల ఫోన్లు ఆగడం లేదు. నిన్న ఒక పాప, "గుమ్మడాక్షి చాయ్‌ల చక్కెర ఎన్ని చెంచాలు ఏసుకుంటది?" అని అడిగింది. రచయిత్రిని అడిగి చెప్తానన్నాను.

శోభత్త

దేవరకొండ,
సెప్టెంబరు 2

అత్తకు,

ప్రూఫు చూశాను. ఒక్క తప్పు కూడా లేదు. నిన్ను నువ్వు చాలా మంచిగా చంపుకున్నావు.

సంతకం పెట్టలేదు. ఎందుకో చెప్తాను. మా గదిలో రెండు పార్టీలు అయ్యాయి. చావాలనేవాళ్లు ఐదుగురు, చాయ్ తాగాలనేవాళ్లు ఏడుగురు. నిద్రపోయిన పిల్ల కూడా లేచి చాయ్ వైపు పోయింది. భోజనాల దగ్గర గరిటెలు పట్టుకుని కొట్లాడుకుంటుంటే స్వరాజ్యం మేడం వచ్చి రెండు అధ్యాయాలూ తీసుకుపోయారు. ఆ రాక్షసి ఎవరో మేడంకు నేను చెప్పలేదు. మర్నాడు క్లాసులో రెండూ చదివి ఇట్లా అన్నారు:

"రెండూ తొందరపాటే. మొదటిదాంట్ల తొందరగ చంపేసిన్రు. రెండోదాంట్ల తొందరగ మాఫ్ చేసిన్రు. గింత దూరం పట్టుకొచ్చినదాన్ని తుంగ ఒక్క మాటన్న అడగాలె కదా. ఎవరూ అడగనిస్తలేరు."

కాబట్టి కొత్త ఆరో అధ్యాయం రాశాను. తుంగ దారం తెంపదు. గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుని, "నన్ను తీసుకొచ్చే ముందు ఎందుకడగలే?" అంటుంది. తర్వాత ఒక పేజీ ఖాళీ. అక్కడ ఏమీ అచ్చు వెయ్యకు. ఖాళీ పేజీ కనబడితే నీకు చెయ్యి ఆగదని తెలుసు, అయినా ఆపుకో. గుమ్మడాక్షి ఏం చెప్పిందో చదివేవాళ్లే రాసుకుంటారు. ఏడో అధ్యాయంలో అటుకుల మూట ఉండనిచ్చాను. అది బాగుంది. చాయ్ తీసేశాను.

మొదటి పేజీలో ఇది కూడా వెయ్యి: "టైపు చేసి, మధ్యలో వేలు పెట్టినవారు: శోభ."

చక్కెర మూడు చెంచాలని చెప్పు. తొమ్మిదో తారీఖున పుస్తకాలు నువ్వే తీసుకుని రావాలి. నాయినమ్మతో పంపిస్తే తీసుకోను.

నర్మద

ఇబ్రహీంపట్నం,
సెప్టెంబరు 10

నర్మదా,

నిన్న దేవరకొండలో దిగి గేటు దాకా నడిచేసరికే నీ గొంతు వినిపించింది. నువ్వు పుస్తకాల బల్ల వెనక కూర్చుని లేవు. బల్ల మీదికి ఎక్కి నిలబడి ఉన్నావు. "రండి, రండి, ఇప్పుడే పట్టింది, ఇంకా ఎగుర్తున్నది, ముట్టి చూడున్రి" అని మీ నాయినమ్మ గొంతుతో అరుస్తున్నావు. పక్క బల్లల వాళ్లు అమ్మడం మానేసి నిన్నే చూస్తున్నారు. ఒకావిడ రెండు కొంటా, రేటు తగ్గించమంటే, "తూకంల తేడా రాదమ్మా, మా దగ్గర" అన్నావు. ఆమె నవ్వి మూడు కొన్నది.

అప్పుడొక చిన్న పిల్ల నిన్ను అడిగింది: "అక్కా, గుమ్మడాక్షి నిజంగ ఉన్నదా?"

నువ్వు వేలు చూపించావు. "అగో, చెప్పులు ఇడుస్తున్నది చూడు."

ఆ తర్వాత నా బతుకు ఏమైందో నువ్వు చూడలేదు, అమ్మకంలో పడ్డావు. ముప్ఫైమంది చుట్టుముట్టారు. ఒకతి దారం పట్టుకుని లాగింది, ప్రాణం ఉందా లేదా అని. ఒకతి సంచి విప్పి చూసింది. "గట్లనా అను, ఒక్కసారి అను" అని వెంటపడ్డారు. అన్నాను. మళ్లీ అనమన్నారు. సాయంత్రం దాకా అన్నాను. మీ మేడం దూరంగా నిలబడి చూస్తున్నారు. పోయేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "ఏడో అధ్యాయంల అటుకుల మూట ఎవరిదో ఇప్పుడు తెల్సింది" అని మాత్రం అన్నారు.

చివరికి నువ్వు స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చి నా చేతికిచ్చావు. పక్కన కూర్చున్నావు. "ఇగ చెప్పు. ఎందుకడగలే?" అన్నావు. నేను బస్సు టైమైందని లేచాను. బస్సుకు ఇంకా గంట ఉంది. నీకూ తెలుసు. అడ్డం రాలేదు నువ్వు.

బస్సులో కూర్చుని ఖాళీ పేజీ తెరిచాను. మాల్ ఊరు దాటేదాకా ఒక్క ముక్క రాయలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

నాకు పద్నాలుగేళ్లప్పుడు మీ నాయినమ్మ నన్ను అడిగింది. "బడికి పోతవా, బుట్ట కాడ కూసుంటవా? నీ ఇష్టం బిడ్డా." నేను ఒక్క క్షణం ఆలోచించలేదు. బుట్ట అన్నాను. నీలాగే నాకూ ఆ కాంటా అంటే, ఆ బేరమంటే, ఆ అరుపులంటే ప్రాణం. పన్నెండేళ్లు కూర్చున్నాను. మొదటి రెండేళ్లు రాజ్యమేలినట్టే ఉంది. ఆ తర్వాత పదేళ్లు బస్టాండులో కాలేజీ పిల్లలు దిగుతుంటే తల తిప్పుకునేదాన్ని. ఇరవై ఆరేళ్లకు దూరవిద్యలో పదో తరగతి కట్టి, కంప్యూటరు నేర్చుకుని, సతీశ్ షాపులో కూర్చున్నాను. నిన్ను అడిగితే నువ్వూ బుట్టే అంటావని నాకు ముందే తెలుసు. అందుకే అడగలేదు. ఇంతే. దీనికి ఇంకే పేరూ లేదు.

కానీ నిన్న బస్సులో ఒక సంగతి తట్టింది. అన్నేళ్లలో నాకు మీ నాయినమ్మ మీద ఒక్కరోజు కూడా కోపం రాలేదు. ఆమె అడిగింది, నేను చెప్పాను. తప్పయితే అది నా తప్పు, నాదే. నీకు మాత్రం, తప్పయితే అది నా తప్పే అని అనుకునే వీలు కూడా నేను మిగల్చలేదు.

దీంతో ఒక ఫారం పంపిస్తున్నాను. టీసీ కోసం అర్జీ. మీ నాయినతో సంతకం పెట్టించాను. ఎందుకని అడిగాడు. "పిల్లను అడుగుతున్న" అన్నాను. వల పక్కన పెట్టి, "ముందే అడగాల్సింది చెల్లె" అని సంతకం చేశాడు. మిగిలినవన్నీ ఖాళీగానే ఉన్నాయి. నింపి మీ ఆఫీసులో ఇస్తే వారంలో ఇంటికి రావచ్చు. ఇక్కడి బడిలో చేర్పించే పూచీ నాది. బుట్ట పక్కన నీ పీట అట్లాగే ఉంది, ఎవరినీ కూర్చోనివ్వడం లేదు మీ నాయినమ్మ.

ఉంటావా, వస్తావా? ఈసారి అడుగుతున్నాను. నువ్వు ఏది రాస్తే అది.

అత్త

దేవరకొండ,
సెప్టెంబరు 17

అత్తకు,

ఫారం వాపసు పంపిస్తున్నాను. చూశావు కదా.

పేరు, తరగతి, పుట్టిన తేదీ మంచి చేతిరాతతో నింపాను. "టీసీ కోరుటకు కారణం" అనే గడి దగ్గర ఆగిపోయాను. మొదట "కాంటా" అని రాసి కొట్టేశాను. ఆఫీసువాళ్లకు అర్థం కాదు. తర్వాత "నాయినమ్మకు బేరం రాదు" అని రాసి కొట్టేశాను. అది కొత్త సంగతేమీ కాదు. మూడోసారి రాసింది నువ్వు చదవకూడదని కనబడకుండా కొట్టేశాను. వెలుతురుకు పెట్టి చూడకు, చూస్తావని తెలుసు. నాలుగోసారి రాయడానికి గడిలో చోటు లేదు. ఇట్లా కొట్టివేతలున్న ఫారం చెల్లదని ఆఫీసు సార్ చెప్పారు.

దసరా సెలవులకు శనివారం వస్తున్నాను. కాంటా నాకు వదిలెయ్యమని నాయినమ్మకు ముందే చెప్పు. సెలవులు అయిపోయేటప్పుడు నువ్వే తీసుకొచ్చి దించాలి. గేటు దగ్గర వెనక్కి తిరిగి చూడాలి. ఎన్నిసార్లో నీ ఇష్టం.

ఇంకో ఫారం తయారుచేసి ఉంచు. నాయిన సంతకం ఉండాలి, మిగిలిందంతా ఖాళీగా ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు పెట్టెలో బట్టల కింద పెట్టుకుంటాను. నింపుతానని కాదు. నింపననీ కాదు. నా దగ్గర ఉండనీ.

నర్మద
తొమ్మిది, బీ